బోడి రాజు

నా భార్య చనిపోయిన మరుసటి ఏడాది ఆమె పేరు పేపర్లో పడింది. బతికుండగా రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా పడని పేరు.

చదివింది పీరు. పొదిలి రోడ్డు మీద, మా ఊరి బస్సు ఆగేచోట టీ కొట్టు వాడిది. పేపరు బిగ్గరగా చదవడం వాడి జబ్బు. వినేవాళ్ళు లేకపోయినా చదువుతాడు.

"ఒరేయ్ తోమా, ఇటు రా. మీ ఎలీసమ్మ ఒంగోల్లో చదరంగం ఆడబోతోందంట!"

"పొద్దున్నే ఏం తాగావురా?"

"తాగింది నేను కాదు, ఈ పేపరోడే తాగి ఉండాలి. ఇను. 'కాలేజీ లెక్చరరు సంజీవరావు తయారు చేసిన ఎలీసమ్మ అనే కంప్యూటర్ చదరంగం శనివారం గుంటూరు జిల్లా చాంపియన్‌తో తలపడనుంది.' సంజీవరావంటే నీ బామ్మర్దే కదా?"

"నా బామ్మర్దే."

"మరి నీకు చెప్పలా?"

"వాడితో నాకు మాటల్లేవు."

పీరు పేపరు మడిచి, టీ గ్లాసు నా ముందు పెట్టాడు. "బోడి రాజులాగా ఒంటిగా ఎందాక తిరుగుతావురా? వెళ్ళి చూసి రా. నలుగురి నోటా చెల్లెమ్మ పేరు ఇంటావు."

బోడి రాజు అనేది మా వైపు చదరంగంలో మాట. బలమంతా పోయి ఒక్కడే మిగిలిన రాజు. మా ఊళ్ళో ఎదుటి రాజును బోడి చేసినవాడు గెలిచినట్టు కాదు, ఆట చెడగొట్టినట్టు. గెలవాలంటే ఎదుటివాడికి ఒక్క బంటైనా మిగల్చాలి. ఆ బంటు బతికుండగానే రాజును కట్టాలి. ఎందుకని మా మామ ఆదామును ఒకసారి అడిగాను. "అన్నీ పోయినోడి మీద గెలుపేందయ్యా?" అన్నాడు. అంతకంటే వివరం నాకు దొరకలేదు.

టీ తాగి బస్సెక్కాను. చూడడానికి కాదు. ఆ పేరు తీయించడానికి.

ఎలీసమ్మ పెళ్ళి కాకముందే తల్లయింది, తమ్ముడికి. వాడు పాకే వయసులో వాళ్ళమ్మ పోయింది. ఎలీసమ్మ మిరప కల్లాల్లో తొడిమలు తీసి వాణ్ణి పెంచింది. తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులు సాయంత్రానికి నిప్పుల్లా ఉంటాయి. కడిగినా పోదు, నూనె రాసినా పోదు. ఆ చేతులతోనే ఇంటికొచ్చి, వంట అయ్యాక, నేలమీద సుద్దతో గళ్ళు గీసి తమ్ముడికి చదరంగం నేర్పింది. ఆమెకు వాళ్ళ నాన్న నేర్పాడు. ఒక పక్క బంట్లు పత్తి గింజలు, రెండో పక్క బంట్లు మిరప తొడిమలు. ఏనుగులకూ గుర్రాలకూ రాళ్ళు. పావుల్ని ఆమె చేత్తో ముట్టుకునేది కాదు, చీపురుపుల్లతో జరిపేది. ఆ కారం పావులకంటితే వాడు అదే చేత్తో కళ్ళు నులుముకుంటాడని.

పెళ్ళయ్యాక నాకూ నేర్పింది. నేను మిషన్ బడిలో ఏడో తరగతి వరకే చదివాను. ఆట త్వరగానే వచ్చింది, గెలుపు మాత్రం రాలేదు. ఎప్పుడు ఆడినా చివరికి నా బంటు ఒక్కటి మిగిలేది. చీపురుపుల్ల దాని పక్కనుంచే వెళ్ళి నా రాజును కట్టేది. అది నియమమని తెలుసు. అయినా దయ చూపినట్టే ఉండేది. నాకు ఒళ్ళు మండేది.

ఆమెకు కడుపులో గడ్డ లేచింది. గుంటూరు తీసుకెళితే చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పోస్టాఫీసు నుంచి కాలేజీకి ఫోను చేయించాను.

"ఈ వారం నాకు కంప్యూటర్ టైమిచ్చారు బావా," అన్నాడు సంజీవరావు. "వదిలితే మళ్ళీ ఎప్పుడిస్తారో. వచ్చే వారం కచ్చితంగా వస్తా. అక్కతో చెప్పు."

చెప్పాను. ఆమె వాణ్ణి ఒక్క మాట అనలేదు. బస్సు హారన్ వినిపిస్తే మాత్రం తల వాకిలివైపు తిప్పేది. మా ఊరికి రోజూ బస్సులొస్తాయి.

పాస్టరు గారు సమాధి దగ్గర, ఆమె ప్రభువునందు నిద్రించిందన్నారు. నిద్రపట్టక నెలల తరబడి గోడను గోళ్ళతో గీకిన మనిషిని గురించి అనే మాట కాదది.

సంజీవరావు మట్టి కప్పాక వచ్చాడు. చంకలో పెద్ద కాగితాల కట్ట. అంచుల్లో చిల్లులతో, మడతలు మడతలుగా, విప్పితే ఇంటి పొడుగూ పరుచుకునే కాగితం.

"చదరంగం ఆడే ప్రోగ్రాం రాస్తున్నా బావా. అక్కకి చూపిద్దామని తెచ్చా," అని ఏడ్చాడు.

ఆ కట్ట మా ఇంట్లోనే వదిలేసి పోయాడు. పొయ్యి ముట్టించడానికి వాడుకున్నాను. బాగా మండింది.

కాలేజీలో కంప్యూటర్ గది బయట చెప్పులు విప్పమన్నారు. లోపల చల్లటి గాలి పెట్టారు. మా చర్చిలో కూడా అంత నెమ్మదిగా మాట్లాడరు.

నన్ను చూసి సంజీవరావు లేచి నిలబడ్డాడు. చిక్కిపోయాడు. గడ్డం పెంచాడు. "బావా! నువ్వు వస్తావని..."

"పేరు తీసెయ్."

"కూర్చో బావా ముందు."

"కూర్చోడానికి రాలేదు. మీ అక్క పేరు ఆ పెట్టెలోంచి తీసెయ్."

పక్క కుర్చీలో ఉన్న లెక్చరరు లేచి తన కుర్చీ నాకు జరిపాడు. అతని పేరు రసూల్. సంజీవరావుకు గదిలోనూ పనిలోనూ జోడీ. "మీకు టీ చెబుతానండీ," అని బయటికి పోయాడు. మమ్మల్ని వదిలి వెళ్ళడానికే వెళ్ళాడు. బుద్ధి ఉన్నవాడు.

సంజీవరావు నాకు నచ్చజెప్పబోయాడు. కంప్యూటరు ఒట్టి పెట్టె అట. దాన్ని నడిపించడానికి లోపల ఒక సిస్టం ఉంటుందట. కంపెనీలు అమ్మే సిస్టంలో ఏం రాసి ఉందో కొన్నవాడికి చూపించరట.

"ఇది అట్టాంటిది కాదు బావా. లోపల రాసిందంతా బయటే ఉంటది. ఎవరైనా చదవచ్చు, మార్చచ్చు, ఇంకోళ్ళకి ఊరికే ఇవ్వచ్చు. తాళం లేదు. మద్రాసులో ఒక ప్రొఫెసర్ గారు ఫ్లాపీల్లో కాపీ చేసి మాకు పంపారు. ఇందులో చదరంగం లేదు, నేను రాశా. రేపటి ఆట గెలిస్తే మద్రాసు పంపిస్తా. అక్కణ్ణించి దేశాలు తిరుగుద్ది. ప్రతివాడి తెరమీదా ముందుగా అక్క పేరే వస్తది."

"తాళం లేని ఇంట్లో మీ అక్కని పెడతావా?"

వాడు కీబోర్డు మీద దుమ్ము తుడిచాడు.

"మద్రాసు పోయాక పేరు తీయమంటే తీయగలవా?"

"తీయలేను. ఒకసారి పంపాక వెనక్కి తెచ్చుకోడం ఎవరివల్లా కాదు."

"అయితే ఇప్పుడే తీసెయ్."

"రేపు ఆట చూడు బావా. చూశాక కూడా తీసెయ్యమంటే తీసేస్తా. అక్క మీద..."

"ఆమె మీద ఒట్టు వేసేంత దగ్గరోడివి కాదు నువ్వు."

ఆ మాట తగలాలనే అన్నాను. తగిలింది. వాడి గదికి రమ్మన్నాడు, వెళ్ళలేదు. బస్టాండులో పడుకున్నాను.

మర్నాడు పెద్ద హాలు నిండింది. పిల్లలు కిటికీలెక్కారు. ప్రిన్సిపాలు ముందు వరసలో కూర్చున్నాడు. చాంపియన్ పేరు పానకాలు. మంగళగిరి చీరలు నేయించి ఊరూరా అమ్మే ఆసామి. భారీ మనిషి. చీరల మూట కూడా వెంట తెచ్చుకుని కుర్చీ పక్కన పెట్టుకున్నాడు, ఆట అయ్యాక లెక్చరర్ల ఇళ్ళకు వెళతాడట.

"ఆడమనిషి పేరు పెట్టారేంటండీ? ఓడిస్తే నాకు పాపం చుట్టుకోదూ?" అన్నాడు.

హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు.

తెరమీద ఇంగ్లీషు అక్షరాలు ఒకటొకటిగా వచ్చాయి. ఎలీసమ్మ. ఆ మాత్రం చదవగలను. కంప్యూటరు వేసిన ఎత్తును సంజీవరావు పైకి చదివితే, రసూల్ గళ్ళు గీసిన చెక్క బల్లమీద పావులు జరిపాడు. పానకాలు వేసిన ఎత్తును సంజీవరావు కీబోర్డు మీద కొట్టాడు. బంటు మొదటి ఎత్తులో రెండు గళ్ళు దూకింది. రాజూ ఏనుగూ స్థలాలు మార్చుకున్నారు. ఇవి మా ఆటలో లేవు. పుస్తకాల్లోంచి వచ్చిన నియమాలని పక్కనున్న కుర్రాణ్ణి అడిగి తెలుసుకున్నాను.

యంత్రం బాగా ఆడింది. పానకాలు గుర్రాన్ని తిన్నది. మంత్రికి మంత్రిని ఇచ్చి, ఏనుగును మిగుల్చుకుంది. పానకాలు కండువాతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఒప్పేసుకుంటారా పానకాలు గారూ?" అన్నాడు ప్రిన్సిపాలు, తానే గెలిచినట్టు.

"బేరం మధ్యలో లేచిపోయే అలవాటు లేదండీ. కట్టుకునేదాకా కూర్చుంటా."

పానకాలు వైపు చివరికి రాజు, ఒక బంటు మిగిలాయి. యంత్రం వైపు ఏనుగు, గుర్రం, మూడు బంట్లు. ఏనుగు సరిగ్గా ఆ బంటుకు ఎదురుగా ఉంది. తీస్తే పోయేది. అందరూ లేవడానికి చెప్పులు వెతుక్కుంటున్నారు.

యంత్రం చాలాసేపు ఆలోచించింది. రాజును జరిపింది.

పానకాలు బంటును ముందుకు నెట్టాడు. యంత్రం మళ్ళీ ఆలోచించి గుర్రాన్ని జరిపింది. బంటు ఇంకో గడి నడిచింది. ఏనుగు పక్కకు తప్పుకుంది.

"అదేందిరా, కళ్ళెదుట ఉన్నది తీసుకోదే!"

"ఎలీసమ్మకి శుక్లాలొచ్చినయ్!"

కిటికీల్లోంచి ఈలలు. సంజీవరావు ముఖం పాలిపోయింది. వాడు తెరను చూస్తున్నాడు. నేను బల్లను చూస్తున్నాను.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. ఆ ఏనుగు పక్కకు తప్పుకోవడం నేను చూశాను. మా ఇంట్లో, నేలమీద, దీపం పక్కన. బంటును వదిలి దాని పక్కనుంచి పోయే చీపురుపుల్ల అది. ఆమె అయితే ఆ తర్వాత రాజును ఎక్కడ కట్టాలో ముందే చూసి ఉండేది. యంత్రానికి ఆమె నియమం వచ్చింది, ఆమె చూపు రాలేదు. అందుకని బంటును తీయదు, రాజును కట్టలేదు, అటూ ఇటూ తిరుగుతుంది.

బంటు చివరి గడికి చేరి మంత్రి అయింది. అప్పుడు కూడా ఏనుగు దాన్ని కొట్టగలిగేది. కొట్టలేదు. మంత్రి ఏనుగును తిన్నది, ఆ తర్వాత గుర్రాన్ని తిన్నది. ఇంకాసేపటికి ఎలీసమ్మ రాజును పానకాలు కట్టాడు.

"పాపం నాకు అంటదులెండి. తనే ఓడింది," అన్నాడు పానకాలు, మూట విప్పుతూ.

రసూల్ అప్పటికే కాగితాల కట్ట విప్పి చదువుతున్నాడు. వేలు పెట్టి ఒకచోట ఆగాడు. "సంజీవ్, ఇదేంటి? ఎదుటివాడికి రాజొక్కటే మిగిలితే ఆట సమం అని రాశావు?"

"అవును."

"ఎందుకు?"

"ఎందుకేంటి? బోడి రాజైతే ఆట చెడినట్టే కదా?"

రసూల్ వాణ్ణి చూశాడు. వేళాకోళం కాదని అర్థమై గొంతు తగ్గించాడు. "కాదు సంజీవ్. ఏ పుస్తకంలోనూ అట్లా లేదు. ఎవరి ఆట ఇది?"

సంజీవరావు ఆ కాగితాన్ని తనవైపు లాక్కున్నాడు. ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించుకుని అన్ని నియమాలూ చదివినవాడు ఈ ఒక్కటీ చూడలేదు. చూడవలసినదని తోచలేదు. తెలిసిన సంగతిని ఎవడు వెతుకుతాడు? అంతకుముందు కాలేజీలో ఆ యంత్రంతో ఆడినవాళ్ళంతా ఓడిపోతున్నామని తెలియగానే లేచిపోయారట. బోడి రాజుదాకా ఎవరూ కూర్చోలేదు.

"పల్లెటూరి ఆటని పెట్టెలో పెట్టారా బాబూ!" పానకాలు గట్టిగా నవ్వాడు. ప్రిన్సిపాలు టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

సంజీవరావు వరండా చివర కుళాయి కింద తల పెట్టి నీళ్ళు పోసుకుంటుంటే నేను వెళ్ళి నిలబడ్డాను.

"తీసేస్తా బావా. నువ్వన్నట్టే. అందరిలో అక్కని నవ్వులపాలు చేశా."

"పేరు తీయొద్దు."

వాడు తలెత్తాడు. గడ్డంలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అయితే ఆ తప్పొక్కటీ దిద్ది..."

"అది కూడా ఉంచు."

"అది ఉంటే గెలవదు బావా. ఎవరూ తీసుకోరు."

"రెండూ ఉంచు. లేకపోతే రెండూ తీసెయ్. పేరు ఆమెదీ ఆట ఇంకోళ్ళదీ అంటే కుదరదు."

"ఏదో ఒకటి చేస్తా," అన్నాడు. "నువ్వు సరే అనేదాకా మద్రాసు పంపను."

బస్సులో కూర్చున్నాక ఆలోచించాను. నేను వాణ్ణి క్షమించలేదు. క్షమించడం పాస్టర్ల పని, వాళ్ళకు జీతమిస్తారు. కానీ ఆమె నేర్పింది వాడి చేతుల్లో ఉంది. ఎంత లోపల ఉందంటే, అది ఉందని వాడికే తెలియదు. అటువంటి చోటు నాలో ఉందో లేదో నాకు తెలియదు.

ఆ ఏడు పత్తిని తెల్లదోమ తినేసింది. మందు కొట్టినవాళ్ళూ మునిగారు, కొట్టనివాళ్ళూ మునిగారు. కౌలు చేను వదిలేశాను. మిరప కల్లాలు మొదలయ్యే వేళకు పీరు కొట్టుకు కండక్టరు ద్వారా కబురొచ్చింది. పని అయిపోయిందట, నన్ను రమ్మన్నాడట.

"ఈసారైనా గెలిచి రమ్మను," అన్నాడు పీరు. టీ డబ్బులు తీసుకోలేదు.

కాలేజీలో మళ్ళీ చెప్పులు విప్పాను. సంజీవరావు గడ్డం తీసేశాడు. ముఖంలో కళ ఉంది. నన్ను తెర ముందు కూర్చోబెట్టాడు. ఎలీసమ్మ అని అక్షరాలు వచ్చాయి. వాటి కింద ఇంకో వరస.

"అది ఏం అడుగుతోందో తెలుసా బావా? పుస్తకం ఆటా, పల్లె ఆటా అని. ఈ మీట నొక్కితే లోకమంతా ఆడే ఆట. ఇది నొక్కితే మనది. బంటు ఒక్క గడే నడుస్తది. బోడి రాజైతే ఆట చెడుతది. కొంచెం దూరం చూసేట్టు కూడా చేశా, బంటుని ఉంచి కడుతోంది. చూడు."

చూపించాడు. యంత్రం బంటును వదిలి, దాని పక్కనుంచి పోయి, రాజును కట్టింది. నేను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూశాను. చాలాసేపు చూశాను.

"మూడు నెలలు దీనిమీదే కూర్చున్నాడండీ," అన్నాడు రసూల్. "నేను వద్దన్నా. ఎవరికి కావాలి ఈ రెండో ఆట అన్నా. మా బావకి కావాలన్నాడు."

"రెండూ ఉంచా బావా," అన్నాడు సంజీవరావు. "రేపు పోస్టులో పంపిస్తా. సరేనా?"

సరే అనబోయాను. నిజంగానే అనబోయాను.

కరెంటు పోయింది.

యంత్రం నిట్టూర్చి ఆగింది. చల్లగాలి ఆగింది. కాసేపటికే గది పొయ్యిలా అయింది. మధ్యాహ్నం కోత, ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. రసూల్ నమాజుకు వెళ్ళాడు. సంజీవరావు కిటికీలు తెరిచి, చెక్క బల్ల తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఆడదామా బావా? ఎన్నాళ్ళయింది మనిద్దరం ఆడి!"

ఏ ఆట అని నేను అడగలేదు, వాడూ చెప్పలేదు. నేను బంటును ఒక్క గడి జరిపాను. వాడూ ఒక్క గడే జరిపాడు. అందుకని మాట్లాడకుండా ఆడాను.

వాడు చిన్నప్పుడు కూడా నన్ను ఓడించేవాడు. ఇప్పుడు ఏడాదంతా యంత్రంతో ఆడి చెయ్యి తిరిగింది. నా శకట్లు పోయాయి, ఏనుగు పోయింది. వాడు ఆడుతూనే మాట్లాడుతున్నాడు.

"అక్క చీపురుపుల్లతో జరిపేది, గుర్తుందా?"

"ఉంది."

"నా కళ్ళు మండకూడదని. ఒకసారి నేను పుల్ల లాక్కుని విరిచేశా. ఇంకో పుల్ల తెచ్చుకుంది గానీ కొట్టలేదు." జేబులోంచి పెన్సిలు తీశాడు. "ఇట్టా జరిపేది." పెన్సిలు మొనతో గుర్రాన్ని తోశాడు. "అట్టాగే కదూ? ముందు కొంచెం ఆగి, తర్వాత తోసేది."

"అట్టాగే."

వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నటన కాదు. నాకు నటన తెలుస్తుంది. ఆ పెన్సిలుతోనే ఆడాడు. నా మంత్రి పోయింది. ఉన్న గుర్రం పోయింది. నాకు రాజూ, అంచున ఒక బంటూ మిగిలాయి. నేను రాజును జరిపి ఆగాను.

"చివర్రోజుల్లో అక్క నన్ను అడిగిందా బావా?" అన్నాడు. ఈ మాట వాడు ఏడాదిన్నరగా దాచుకున్నాడని గొంతు చెప్పింది.

"రోజూ అడిగింది."

వాడు తల ఊపాడు. ముక్కు తుడుచుకున్నాడు. పెన్సిలుతో ఏనుగును అంచుదాకా తోసి, నా బంటును తీసి పక్కన పెట్టాడు.

"అయిపోయింది బావా. ఇంక రాజొక్కటే. రెండు మూడు ఎత్తుల్లో కట్టేస్తా."

నేను బల్లను చూశాను. పక్కన పడి ఉన్న బంటును చూశాను. వాడు ఇంకా అక్క గురించే చెబుతున్నాడు. వాడు స్కూలు ఫైనలు పాసైనరోజు ఆమె చేసిన పాయసం గురించి. నేను వినలేదు.

కరెంటు వచ్చింది. యంత్రం గురగురమంది. సంజీవరావు కుర్చీ తిప్పుకుని ఏవో మీటలు కొట్టాడు. తెరమీద అక్షరాలు ఒకటొకటిగా వచ్చాయి. ఎలీసమ్మ.

"మరి సరేనా బావా? పంపనా?"

"పేరు తీసెయ్."

నవ్వులాటకు అన్నాననుకున్నాడు. నేను నవ్వడం లేదని చూశాడు. "అదేంటి బావా? నువ్వన్నట్టే రెండూ ఉంచా కదా!"

"పెట్టెలో ఉంచావు."

"మరి ఇంకేం కావాలి నీకు?"

"బోర్డు చూడు."

చూశాడు. మొదట ఏమీ కనపడలేదు వాడికి. తర్వాత నా రాజును చూశాడు, దాని చుట్టూ ఖాళీ గళ్ళను చూశాడు. పెన్సిలు బల్లమీద పెట్టేశాడు. చెయ్యి చాచి బంటును తీసుకుని, అది ఉన్న గడిలో తిరిగి పెట్టబోయాడు.

"తీసింది మళ్ళీ పెట్టకూడదు," అన్నాను.

"చూసుకోలేదు బావా."

"తెలుసు."

"ఒక్కసారి. ఆ ఓడిన రోజు నుంచీ రసూల్‌తో పుస్తకం ఆటే ఆడి ఆడి... చెయ్యి అట్టా పోయింది."

"తెలుసు. చెయ్యే పోయింది."

బంటును గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. రసూల్ తిరిగొచ్చి, గుమ్మంలోనే ఆగి, మా ఇద్దరినీ చూసి లోపలికి రాలేదు.

"నువ్వు నన్ను ఎప్పటికీ వదలవు కదా బావా," అన్నాడు సంజీవరావు.

వాడు తెరవైపు తిరిగాడు. ఏవో వరసలు వచ్చాయి, పోయాయి. పేరున్న చోటికి వచ్చి ఆగాడు. ఒక మీట మీద వేలు పెట్టి కొడుతుంటే చివరి అక్షరం నుంచి ఒకటొకటిగా పోయాయి. మొదటి అక్షరం దగ్గర వాడి వేలు ఆగింది. నేను లేవలేదు. వాడు నావైపు చూశాడు. నేను తెరవైపు చూశాను. అది కూడా పోయింది.

అప్పుడు లేచాను. బయట చెప్పులు ఎండలో కాలిపోతున్నాయి. అట్లాగే వేసుకున్నాను.

బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. కల్లాల్లోంచి ఘాటు వస్తోంది. పీరు కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏరా తోమా, గెలిచిందా ఎలీసమ్మ?"

"ఆడలేదు," అన్నాను.